రకం పేరు లేని పైన్ నట్స్ కొనకండి, మా నాన్న వారం రోజులుగా తిండి తినలేకపోతున్నారు

చేపకి పెస్టో (బేసిల్ ఆకులు, నట్స్, నూనె, చీజ్ కలిపి నూరే ఇటలీ సాస్) లాంటి పచ్చని సాస్ చేద్దామని పైన్ నట్స్, అంటే పైన్ చెట్టు గింజలు, కొనబోతున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే ఆర్డర్ పెట్టండి. ఇప్పుడే నాకు ఇవి అమ్మిన ఆన్‌లైన్ షాపు వాళ్లతో మాట్లాడి ఫోన్ పెట్టేశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. పేరు రాయను. డ్రై ఫ్రూట్స్ ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లలో చాలామందికి వాళ్లు తెలిసే ఉంటారు. నేనూ రెండేళ్లుగా బాదం, వాల్‌నట్స్ అక్కడే కొంటున్నాను. ఆ నమ్మకంతోనే ఇవీ కొన్నాను.

నాన్నకి నూనె తగ్గించమని డాక్టర్ చెప్పారు. ఆయనకి చేపంటే ప్రాణం, కానీ ఉత్తగా ఆవిరి మీద ఉడికించి పెడితే రెండు ముక్కలు తిని లేచిపోతారు. అందుకని సాస్ చేద్దామనుకున్నాను. మామూలు పెస్టోలో నూనె ధారగా పోస్తారు, పైగా చీజ్. ఒక్క టేబుల్ స్పూన్ ఆలివ్ నూనెలోనే దాదాపు 120 కేలరీలు ఉంటాయి. నేను నూనెని రెండు స్పూన్లకు దించేసి, చేప ఉడికేటప్పుడు గిన్నె అడుగున దిగిన నీళ్లు, నిమ్మరసం కలిపి పలుచన చేశాను. చీజ్ వేయలేదు. బేసిల్ ఆకులు నల్లబడకుండా మరిగే నీళ్లలో పది సెకన్లు ముంచి, వెంటనే ఐసు నీళ్లలో వేశాను. కొంచెం పార్స్లీ, సగం వెల్లుల్లి రెబ్బ, ఉప్పు.

నూనె, చీజ్ తగ్గించాక సాస్‌కి కమ్మదనం, చిక్కదనం ఇవ్వాల్సింది నట్సే. పైన్ నట్స్‌లో దాదాపు మూడింట రెండు వంతులు కొవ్వే ఉంటుంది. మెత్తగా నూరితే వెన్నలా కలిసిపోతాయి, గుప్పెడు వేస్తే చాలు. అందుకే ఏరి కోరి అవే కొన్నాను. నూనె లేకుండా రెండు నిమిషాలు వేయించి వేశాను. సాస్ ఎంత బాగా కుదిరిందంటే నాన్న గిన్నె తుడిచి తిన్నారు. "ఇలా అయితే రోజూ చేపే పెట్టు" అన్నారు.

రెండో రోజు పొద్దున కాఫీ చేదుగా ఉందన్నారు. తర్వాత పండు చేదు, రొట్టె చేదు. నాలుక మీద ఇనప ముక్క పెట్టుకున్నట్టుందన్నారు. మధ్యాహ్నానికి నాకూ అదే మొదలైంది. ఏం తిన్నా ముందు బాగానే ఉంటుంది, మింగాక నాలుక వెనక నుంచి చేదు పాకుతుంది. నాన్న తన మందుల వల్లేమో అనుకుని భయపడిపోయారు, ఇంట్లో అందరికీ టెన్షన్. డాక్టర్ నాలుక, గొంతు చూసి ఏమీ లేదన్నారు. రెండు మూడు రోజుల్లో కొత్తగా ఏమైనా తిన్నారా అని అడిగారు. అప్పుడు గానీ నాకు ఆ ప్యాకెట్ గుర్తుకు రాలేదు.

దీనికి పేరే ఉంది, పైన్ మౌత్ అంటారు. తిన్న 12 నుంచి 48 గంటల తర్వాత మొదలవుతుంది, కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా ఉంటుంది, ఏదైనా తిన్నప్పుడు ఎక్కువవుతుంది, దానంతట అదే పోతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ కూడా ఇదే చెప్పింది. గింజలు పాడైపోవడం వల్ల వచ్చేది కాదిది. అందుకే తినేటప్పుడు రుచిలో తేడా తెలియదు. పైనస్ అర్మాండి అనే చైనా తెల్ల పైన్ చెట్టు గింజలు తిన్నవాళ్లలో ఇది ఎక్కువగా కనిపించింది. తిన్న అందరికీ రాదు. మా అమ్మ మాతో పాటే తిన్నది, తనకేమీ కాలేదు.

ఫోన్ చేసి మర్యాదగానే అడిగాను. "సార్, ఇవి ఏ రకం పైన్ నట్స్? ప్యాకెట్ మీద ఎక్కడా రాసి లేదు."

"రకాలేంటి మేడమ్, పైన్ నట్ అంటే పైన్ నట్టే."

"మీ పేజీలో మధ్యధరా రకం అని ఉంది. అవి సన్నగా, పొడుగ్గా ఉంటాయి. నాకు వచ్చినవి పొట్టిగా, మొద్దుగా ఉన్నాయి."

"గింజ పొట్టిగా ఉంటే నోరు చేదవుతుందా? చేప సరిగ్గా కడిగి ఉండరు."

అమ్మకి ఏమీ కాలేదన్న సంగతి కూడా దాచకుండా చెప్పాను. దాన్నే పట్టుకున్నాడు. "మరింకేం, మీరే చెప్తున్నారుగా. మా సరుకు బాగాలేకపోతే ఆవిడకీ రావాలి కదా. పెద్దాయనకి వయసైపోయింది, ఆ వయసులో నోరు అలాగే ఉంటుంది. మీకు వంట రాకపోతే మమ్మల్ని అంటే ఎలా?"

స్పీకర్ ఆన్‌లో ఉంది. నాన్న పక్కనే కూర్చుని అంతా విన్నారు. ఏమీ అనలేదు, లేచి లోపలికి వెళ్లిపోయారు. డబ్బు పోతే పోయింది, ఆ మాట మాత్రం నేను మర్చిపోలేను. తిండి సహించక మనిషి నీరసించిపోతుంటే వయసైపోయిందంటాడా?

ఇంకొకటి కూడా జరిగింది. ఫోన్ పెట్టేసి, నిజంగా మధ్యధరా రకం అనే చదివానా అని మళ్లీ వాళ్ల పేజీ తెరిచాను. ఆ మాట లేదు. "ప్రీమియం పైన్ నట్స్" అని మాత్రమే ఉంది. నిన్న రాత్రి కూడా చూశాను, అప్పటికి ఉంది. అంటే తప్పు వాళ్లకి తెలుసు. తెలిసే నాతో అలా మాట్లాడారు, తెలిసే ఆ మాట తీసేశారు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోకపోవడం నా తప్పు. ప్యాకెట్ వచ్చిన రోజే గింజలు తేడాగా ఉన్నాయని గమనించాను, తెలిసిన షాపే కదా అని వదిలేశాను. నాన్నకి పెట్టే తిండి విషయంలో నేను అంత తేలిగ్గా తీసుకోకుండా ఉండాల్సింది.

కొనేముందు చెట్టు రకం, ఏ దేశం గింజలో రాసి ఉందో చూడండి. పొట్టిగా ఉన్నవన్నీ చెడ్డవని కాదు, మామూలుగా తినే కొరియన్ పైన్ గింజలు కూడా పొట్టిగానే ఉంటాయి. కాబట్టి చూసి పోల్చుకోలేం, పేరు రాసి ఉండాల్సిందే. ఆర్డర్ పెట్టే ముందు పేజీని ఫొటో తీసి ఉంచుకోండి. సాస్ కోసమే అయితే బాదం గానీ పిస్తా గానీ వేసుకోండి. పైన్ నట్స్ కంటే వాటిలో కొవ్వు తక్కువే, బాదం కాసేపు నానబెట్టి నూరితే చిక్కదనం కూడా బాగా వస్తుంది. వాళ్ల ప్యాకెట్ ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు, ముఖ్యంగా పెద్దవాళ్లున్న ఇంట్లో, ఇక వాడకండి. అలాగని పారేయకండి, రీఫండ్ అడిగేటప్పుడు చూపించడానికి ఉంటుంది.