ఎడువార్డ్ మిగ్-21బిస్: ఖర్చు కాక్‌పిట్‌కి కాదు, తోకకి పెట్టండి

1/48 స్కేల్లో, అంటే అసలులో నలభై ఎనిమిదో వంతు సైజులో, మిగ్-21 యుద్ధవిమానం ప్లాస్టిక్ బొమ్మ కట్టాలనుకునేవాళ్ళు ఎడువార్డ్ పెట్టె దాటి ఇంకోటి వెతకక్కర్లేదు. ఈ చెక్ కంపెనీ 2011లో ఎంఎఫ్ అనే రకంతో మొదలుపెట్టి బిస్, ఎస్ఎంటీ, పీఎఫ్ఎం అంటూ మిగ్-21 రకాలు ఒక్కొక్కటే దింపింది. ఆకారం బాగా కుదిరింది, అతుకులు బాగా కూర్చుంటాయి. ఇంతవరకూ అందరూ అనేదే, నేనూ కాదనను. నా పేచీ అంతా డబ్బు దగ్గర. ఈ బొమ్మ కొన్నవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది అదనపు ఖర్చంతా పైలట్ కూర్చునే గుంతలో పోస్తున్నారు. మూత వేశాక అందులో ఏం కనబడుతుంది?

నా మాటలో కొంచెం పక్షపాతం ఉంది, అది ముందే చెప్పేస్తాను. నేను పెరిగింది ఒడిశాలో, కోరాపుట్ దగ్గర సునాబెడలో, విమానాలు తయారుచేసే హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్ఏఎల్) టౌన్‌షిప్‌లో. నాన్న అక్కడి ఇంజిన్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు విశాఖలో నా దగ్గరే ఉంటారు. మిగ్-21ని మన దేశంలో తయారుచేసిన రోజుల్లో పని మూడు ఊళ్ళకి పంచారు: విమానం ఒళ్ళు నాసిక్‌లో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌లో, ఇంజిన్ కోరాపుట్‌లో. మా టౌన్‌షిప్‌లో ఏ ఇంట్లో చూసినా ఈ లెక్క ఒకటే. ముందు భాగం హైదరాబాద్ వాళ్ళది, మధ్యది నాసిక్ వాళ్ళది, వెనక మంట వచ్చేది మనది. నేను కట్టిన బొమ్మని నాన్న చేతిలోకి తీసుకుని ముందు తిప్పి చూసేది ఎప్పుడూ వెనక గొట్టమే. "కాక్‌పిట్ ఎలా ఉంది నాన్నా?" అని అడిగితే "ఆ సంగతి బాలానగర్ వాళ్ళని అడగాలమ్మా" అంటారు.

సరే, పెట్టెలోకి వద్దాం. బిస్ రెండు రకాలుగా దొరుకుతుంది. ప్రొఫిప్యాక్‌లో ప్లాస్టిక్ భాగాలతో పాటు ముందే రంగులు ప్రింట్ చేసిన ఫొటోఎచ్ రేకు (రసాయనంతో చెక్కిన పల్చటి లోహపు ముక్కలు), రంగు పడకుండా అద్దాలకీ చక్రాలకీ అంటించుకునే మాస్కులు, ఎక్కువ రకాల గుర్తుల డెకల్స్ (నీళ్ళలో నాన్చి అంటించే బొమ్మలు) వస్తాయి. వీకెండ్ ఎడిషన్‌లో ప్లాస్టిక్ అదే, రేకూ మాస్కులూ ఉండవు, డెకల్స్ తక్కువ, ధర బాగా తక్కువ. నేను రెండూ కట్టాను. పక్కపక్కన షెల్ఫులో పెడితే ఏది ఏదో మా ఆయన ఇప్పటికీ చెప్పలేకపోతున్నారు.

ప్రొఫిప్యాక్ రేకు అందంగా ఉంటుంది, అది ఒప్పుకోవాలి. గోరు మీద పట్టేంత ప్యానెల్లో గడియారాలన్నీ అంకెలతో సహా ప్రింట్ చేశారు. కానీ భూతద్దం పెట్టి చూస్తే అది చుక్కచుక్కల ప్రింటని తెలిసిపోతుంది, అన్నీ ఒకే మట్టంలో చదునుగా ఉంటాయి. అసలు కాక్‌పిట్‌లో స్విచ్చులు బయటికి పొడుచుకుని ఉంటాయి కదా. అంతకంటే పెద్ద తలనొప్పి రంగుది. రష్యన్ కాక్‌పిట్‌లకి వేసే ఆ నీలంతో కలిసిన ఆకుపచ్చ ఉంది చూశారూ, రేకు మీద దాన్ని ఫ్యాక్టరీలో ప్రింట్ చేసి పంపారు. పక్క గోడలకీ నేలకీ మీరే కలుపుకుని వేయాలి. ఆ రెండూ కలిసే రంగు సీసాలో దొరకదు. నీలం ఒక చుక్క, తెలుపు ఒక చుక్క, పాత బ్రష్షుతో కలపడం, ఆరాక పోల్చడం, మళ్ళీ కలపడం. ఆదివారం పొద్దు అంతా దానికే పోతుంది. వీకెండ్ ఎడిషన్‌లో ఈ గొడవ లేదు. మొత్తం ఒకే రంగు కొట్టి, ప్యానెల్ మీద డెకల్ వేసి, మెత్తబరిచే ద్రవం రెండు చుక్కలు రాస్తే ప్లాస్టిక్ మీది ఎత్తుపల్లాల్లోకి అది చక్కగా దిగుతుంది.

మూత తెరిచి పెట్టేవాళ్ళ సంగతి వేరంటారా? బిస్ మూత కుడిపక్కకి తెరుచుకుంటుంది. తెరిచినా కేఎమ్-1 అనే, ప్రమాదంలో పైలట్‌ని బయటికి విసిరే సీటు పెద్ద తలకాయతో అడ్డం కూర్చుంటుంది. పైనుంచి చూసేవాడికి కనబడేది ఆ సీటు పైభాగం, బెల్టులు, ముందు ప్యానెల్ పై అంచు, అంతే. అందుకని బెల్టుల వరకూ రేకు కొనండి, మిగతాది వదిలేయండి. ఒక చిన్న సలహా: అద్దాన్ని సూపర్‌గ్లూతో అంటించొద్దు, దాని ఆవిరికి అద్దం లోపల తెల్లగా పొగమంచు పట్టేస్తుంది. మన ఫెవికాల్ చాలు. అగ్గిపుల్ల కొసతో రాసి, మిగిలింది తడి దూదితో తుడిచేస్తే ఆరాక కనబడదు.

ఇక అసలు కష్టం ఒళ్ళు మూసే దగ్గర. కాక్‌పిట్ తొట్టి, ముందు చక్రం గుంత, వెనక చక్రాల గుంత, తోక గొట్టం అన్నీ ఒంటి రెండు చెక్కల మధ్య ఇరికించి ఒకేసారి మూయాలి. వెనక చక్రాల గుంతని కంపెనీవాళ్ళు ఒకే ముక్కగా ఇవ్వకుండా గోడలు గోడలుగా ఇచ్చారు. అందులో గొట్టాలూ పక్కటెముకలూ చూడముచ్చటగా ఉంటాయి. కానీ ఒక గోడ వెంట్రుకవాసి వంకరగా ఆరిందా, చెక్కలు కలవవు. జిగురు పెట్టకుండా టేపుతో బిగించి, విప్పి, రుద్ది, మళ్ళీ బిగించి చూసుకుంటూ పోవాలి. తలప్రాణం తోకకొస్తుందంటారే, ఇక్కడ అక్షరాలా అదే. ముందు నుంచి అన్నీ సర్దుకుంటూ వచ్చిన తేడా చివరికి తోక దగ్గర సందుగా తేలుతుంది. ఓపికగా చేస్తే మాత్రం పుట్టీ దాదాపు అక్కర్లేదు. ముక్కు శంకువులో కాస్త సీసం వేసుకోండి, వెనక్కి కూలబడుతుందేమో అనే టెన్షన్ ఉండదు.

ఒంటి మీద ఎడువార్డ్ వాళ్ళు రివెట్లు దండిగా పొడిచారు. దూరం నుంచి చూస్తే అసలు విమానం మీద ఇన్ని కనబడవు కదా అని గింజుకునేవాళ్ళు ఉన్నారు. నాకైతే నచ్చింది. ప్రైమరు, రంగు, వార్నిషు పడేసరికి సగం పూడుకుపోతాయి, మిగిలిన సగంలో పల్చని నల్ల వాష్ దిగితే ఒళ్ళంతా ఒక బతికిన కళ వస్తుంది.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న తోక. పెట్టెలో వచ్చే గొట్టం పొడుగ్గా, లోపల ఆఫ్టర్‌బర్నర్ (వెనక అదనంగా ఇంధనం మండించి తోపు పెంచేది) వలయంతో సహా, చివర మూసుకునే రేకులతో సహా ఉంటుంది. ఆలోచన బాగుంది. కానీ గొట్టం ముక్కల్ని అతికించాక లోపల నిలువునా గీత కనబడుతుంది, టార్చి వేస్తే మరీ. నీటి ఎమెరీ పేపరుని పెన్సిల్‌కి చుట్టి లోపలికి తోసి రుద్దడం తప్ప దారి లేదు. రుద్దితే పక్కనున్న సన్నటి గీతలు కూడా కొట్టుకుపోతాయి. చివరి రేకులు మందంగా ఉంటాయి. అసలు ఇంజిన్‌లో అవి పల్చటి లోహపు పళ్ళు, థ్రాటిల్‌ని బట్టి దగ్గరకీ దూరానికీ జరుగుతాయి. ఎడువార్డే బ్రాసిన్ పేరుతో రెసిన్ గొట్టం విడిగా అమ్ముతోంది. గీత లేదు, రేకులు కాగితంలా ఉన్నాయి, లోపలి వలయం దగ్గర పుల్లలు కూడా విడివిడిగా తెలుస్తాయి. ప్రొఫిప్యాక్‌కీ వీకెండ్‌కీ ఉన్న ధర తేడాని ఇటు మళ్ళించమనేది దీనికోసమే. రెసిన్ కోసేటప్పుడు మాస్కు పెట్టుకుని, నీళ్ళు పోసుకుంటూ రుద్దండి. ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఆ గొట్టంలో ఏముందని ఇంత ఆర్భాటం అంటే, బిస్‌ని బిస్ చేసింది అదే కాబట్టి. దాని ఆర్-25-300 ఇంజిన్ మామూలుగా దాదాపు 4,100 కిలోల తోపు ఇస్తుంది, ఆఫ్టర్‌బర్నర్‌తో 7,100 దాకా. తక్కువ ఎత్తులో అత్యవసరమైతే ఇంకో మెట్టు ఉంది, అప్పుడు 9,900 కిలోలు. కానీ అది మూడు నిమిషాలకి మించి వాడకూడదు. ఈ మూడు నిమిషాల ముక్క చెప్పేటప్పుడు నాన్న గొంతు మారుతుంది. టెస్ట్ బెడ్ మీద ఇంజిన్ పెడితే కిటికీ అద్దాలు అదిరేవని చెబుతారు. ఆయన చూపుతున్నప్పుడే రంగు వేశాను: లోపల ముందు భాగం మసి నలుపు, వెనక్కి వచ్చేకొద్దీ వెలిసిన బూడిద, చివరి రేకుల మీద ఉక్కు రంగు, దాని మీద చాలా పల్చగా గోధుమ, ఆపైన ఇంకా పల్చగా నీలం. నీలం కనబడీ కనబడనట్టుండాలి, ఎక్కువైతే మోటార్‌సైకిల్ సైలెన్సరే. బయట తోక చివరి పట్టీ పెయింట్ లేని లోహం. అక్కడ ఒకే వెండి రంగు కొట్టేయకుండా ప్యానెల్‌కి ఒక ఛాయ చొప్పున మార్చితే వేడి తిన్న లోహంలా కనబడుతుంది.

రెండో ఖర్చు గాలి వేగం కొలిచే పిటో గొట్టానికి. బిస్‌కి అది ముక్కు మీద, మధ్యలో కాకుండా కొంచెం కుడిపక్కకి జరిగి ఉంటుంది. ప్లాస్టిక్‌ది వంకర పోకుండా ఉండదు, మొదటిసారి దుమ్ము తుడిచినప్పుడే విరుగుతుంది. పోలండ్ కంపెనీ మాస్టర్ వాళ్ళు ఇత్తడితో తిప్పి చేసింది అమ్ముతారు, సూదిలా ఉంటుంది. కంట్లో గుచ్చుకుంటుందేమో జాగ్రత్త, ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీ. మూడోది ఉచితం: పాత ఛార్జర్ వైరు చీల్చి అందులోని సన్న రాగి తీగతో చక్రాల కాళ్ళకి బ్రేకు పైపులు పెట్టుకోండి. చూసినవాళ్ళ కన్ను ముందు పడేది అక్కడే.

రంగులకి విశాఖ గాలి పగ. లాకర్ (థిన్నర్‌తో కలిపే, త్వరగా ఆరే) రంగు ఎయిర్‌బ్రష్‌తో కొట్టిన రోజు తేమ ఎక్కువుంటే నిగనిగలాడాల్సిన పొర పాలలా తెల్లబడిపోతుంది. కంప్రెసర్‌కి నీటి ఫిల్టరు పెట్టినా గదిలో తేమ ఎక్కడికి పోతుంది? ఏసీ వేసి, థిన్నర్‌లో ఆలస్యంగా ఆరేది కలుపుకుంటే గట్టెక్కవచ్చు. వాన పడుతుంటే ఆ పూటకి స్టెన్సిల్ డెకల్స్ (ఒంటి మీది చిన్న చిన్న సూచనల అక్షరాలు) పని పెట్టుకోవడం మేలు. ఆ పనికి కొదవ లేదు, ఎడువార్డ్ చీమల బారులా స్టెన్సిల్స్ ఇచ్చింది.

మన వాయుసేన గుర్తులు నేను ఇక్కడే విడిగా కొన్నాను. అమ్మినవాళ్ళ పేరు ఎందుకులెండి, బయటి కాషాయ వలయం ఇటుక రంగులో వచ్చింది. పైగా కింది రంగు దానిలోంచి కనబడింది. అడిగితే స్క్రీన్ మీద అలాగే ఉంటుందన్నారు. కింద తెల్ల రంగు గుండ్రంగా కొట్టి దాని మీద వేస్తేగానీ చూడబుద్ధి కాలేదు. విడి డెకల్స్ కొనేవాళ్ళు పగటి వెలుతురులో తీసిన ఫొటో అడిగి మరీ తీసుకోండి.

ఇంకోటి. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు పలికిన ఫొటోలు చూసి, అదే విమానం కావాలని ఈ పెట్టె కొంటున్నవాళ్ళు కనబడుతున్నారు. అక్కడ చివరిగా ఎగిరినవి బైసన్‌లు, అంటే బిస్‌నే ఆధునికం చేసినవి. ఈ పెట్టెలోది మామూలు బిస్. కొట్టొచ్చినట్టు కనబడే తేడా ముందు అద్దం: బిస్‌కి చట్రాలతో ముక్కలుగా ఉంటే, బైసన్‌కి ఒకే వంపు అద్దం. యాంటెన్నాలు కూడా మారాయి. విడిగా మార్పిడి భాగాలు కొనకుండా లేత బూడిద రంగు కొట్టినంత మాత్రాన బైసన్ అయిపోదు. 1971 డిసెంబర్ 14న ఢాకా గవర్నర్ భవనం మీద దాడి చేసినవి కావాలనుకుంటే అవి ఇంకా పాత ఎఫ్ఎల్ రకం, మూత ముందుకి తెరుచుకునేవి. దానికి ఈ పెట్టె అసలే పనికిరాదు.

కొనడం గురించి క్లుప్తంగా. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, కొరియర్ కలిసి పెట్టె ధరకి గట్టిగానే తోడవుతాయి. అందుకే రెసిన్ గొట్టం, పిటో, పెట్టె ఒకేసారి ఆర్డర్ పెట్టుకోండి. జిగురు, థిన్నర్, రంగులు మంటంటుకునేవి కాబట్టి విమానంలో పంపరు, వాటిని ఇక్కడి హాబీ షాపుల్లోనే చూసుకోవాలి. గొట్టం తీసుకునే ముందు అది మీ పెట్టెలోని రకానికే చేసిందా అని ప్యాకెట్ మీద చదవండి. క్షిపణులు, రాకెట్ పాడ్‌లు పెట్టెలో వాడినన్ని వాడి ఇంకా మిగులుతాయి, వాటిని పారేయొద్దు, ఇంకో మిగ్‌కి పనికొస్తాయి. నాకు నచ్చిన వరస: వీకెండ్ ఎడిషన్, బ్రాసిన్ గొట్టం, ఇత్తడి పిటో, సీటు బెల్టులు. ప్రొఫిప్యాక్ కొననందుకు నాకు నిజంగా వెలితి అనిపించేది మాస్కులు ఒక్కటే. వాటిని సన్న మాస్కింగ్ టేపుతో కోసుకోవడానికి కొత్త బ్లేడు, ఒక సాయంత్రం చాలు.