జాగ్రత్త: ‘18 ప్లస్ గేమ్స్ నేర్పిస్తాం, డాలర్లు సంపాదించుకోండి’ అనే ద్వారకానగర్ సారుతో

ఇంటికొచ్చి గంట కూడా కాలేదు, కోపం దిగలేదు. వాక్యాలు అటూ ఇటూ అయితే సర్దుకుని చదువుకోండి.

ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ల మధ్య మేడ మీదున్న ఆ ‘గేమ్ స్టూడియో’ గురించి ఇది. పేరు రాయను. పెద్దల గేమ్స్ అంటూ ఇన్‌స్టాలో రీల్స్ వేసే సారు అంటే ఈ లైన్ మీద ఆసక్తి ఉన్న వైజాగ్ వాళ్లకి వేరే పరిచయం అక్కర్లేదు. నల్ల కుర్చీ, వెనకాల నీలం లైట్లు, ‘కోడింగ్ రాకపోయినా పర్లేదు నాన్నా’. ఆయనే.

మొత్తం 38,000 పోయింది. కోర్సు ఫీజు 15,000, ‘ఇంజిన్ లైసెన్స్’ 5,000, ‘ప్రీమియం క్యారెక్టర్ ప్యాక్’ 6,000, ‘పబ్లిషింగ్ ఛార్జీలు’ 12,000. కొంత ఫోన్‌పేలో, కొంత క్యాష్. క్యాష్ ఇస్తే జీఎస్టీ ఉండదన్నాడు, నేనేదో తెలివైనవాడిలా తలూపాను. బీటెక్ చదివాను మరి, ఆ మాత్రం లెక్క తెలియదా!

ముందు నేనేం చేద్దామనుకున్నానో చెప్పాలి, లేకపోతే కింద కామెంట్లలో నీతులు మొదలవుతాయి. విజువల్ నోవెల్. తెర మీద బొమ్మ, కింద మాటలు, మధ్యమధ్యలో ‘ఇది చెయ్యాలా, అది చెయ్యాలా’ అని ఎంపికలు. నలభై దాటిన ఇద్దరి కథ. ఆయన పోర్టులో క్లర్కు, ఆవిడ భీమిలి రోడ్డులో లాడ్జి నడుపుతుంది. పిల్లలాడే గేమ్ కాదు, పెద్దవాళ్ల గేమే. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు. ఉందని నమ్మించడమే ఆ సారు వ్యాపారమని ఇవాళ అర్థమైంది. అక్కడికే వస్తున్నా.

‘ఇంజిన్ లైసెన్స్’ అని ఐదు వేలు తీసుకుని పెన్‌డ్రైవ్‌లో ఇచ్చింది ఏంటో తెలుసా? రెన్‌పై. 2004 నుంచి ఉచితంగా దొరుకుతున్న ఓపెన్ సోర్స్ ఇంజిన్, అంటే ఇలాంటి గేమ్స్ కట్టుకునే సాఫ్ట్‌వేర్. వాళ్ల సైట్‌లో నొక్కితే దిగిపోతుంది. దాంతో చేసిన గేమ్‌ని అమ్ముకున్నా ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. సారు ‘సొంతంగా తయారుచేసిన టెంప్లేట్’ అని చూపించింది, రెన్‌పై తెరవగానే పక్కన కనిపించే నమూనా గేమే. పాత్రల పేర్లు తెలుగులోకి మార్చాడు, అంతే. అది కూడా ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు.

ఎందుకలా అంటే, తెలుగు లిపిలో టైప్ చేస్తే తెర మీద డబ్బాలు వస్తున్నాయి. నా డైలాగులన్నీ వరసగా డబ్బాలే. అడిగితే ‘ఈ ఇంజిన్‌కి తెలుగు రాదమ్మా, ఫారిన్‌ది కదా’ అన్నాడు. నేనే రాత్రి కూర్చుని వెతికితే తేలిన విషయం: రెన్‌పైతో వచ్చే మామూలు ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ ఫైలు ఒకటి గేమ్ ఫోల్డర్‌లో పడేసి, సెట్టింగుల ఫైల్‌లో ఫాంట్ పేరు మారిస్తే అయిపోయింది. కొత్త వెర్షన్‌లో ఒత్తులు కూడా సరిగ్గా పడుతున్నాయి. గేమ్స్ నేర్పే మనిషికి ఫాంట్ మార్చడం రాదని తెలిశాక లేచి వచ్చేయాల్సింది. ‘పోనీలే, బొమ్మల విషయంలో దిట్టేమో’ అనుకున్నా.

ఇప్పుడు బొమ్మల సంగతి. ఇలాంటి గేమ్స్ చేసేవాళ్లలో చాలామంది త్రీడీలో బొమ్మలు తయారుచేసే డాజ్ స్టూడియో వాడతారు. సాఫ్ట్‌వేర్ ఉచితం. మనుషుల బొమ్మలు, బట్టలు, గదులు విడివిడిగా కొనుక్కోవాలి. కొన్నవాటితో మనం తయారుచేసుకున్న ఫొటోల్లాంటి బొమ్మల్ని గేమ్‌లో పెట్టుకోవచ్చు, దానికి మామూలు లైసెన్స్ చాలు. త్రీడీ మోడల్‌నే గేమ్ లోపల పెట్టాలంటే వేరే లైసెన్స్ కొనాలి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో ఒక్క బొమ్మ తయారవడానికే ప్రాణం పోతుంది. ఇవన్నీ మొదటి క్లాసులోనే చెప్పాల్సినవి. సారు చెప్పింది ఒకటే: ‘అంత శ్రమ ఎందుకు నాన్నా, నా ప్యాక్ తీసుకో, అన్నీ నేను గీయించినవే.’

తీసుకున్నా. బాగానే ఉన్నాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. వాటితో చిన్న డెమో కట్టి, ఎవరి గేమ్స్ వాళ్లు పెట్టుకునే ఇచ్ డాట్ ఐఓ సైట్‌లో ఉచితంగా పెట్టి, గేమ్స్ చేసేవాళ్ల డిస్కార్డ్ గ్రూపు ఒకదాంట్లో లింకు వేశాను. తెల్లారేసరికి మెసేజ్. ఎవరో విదేశీయుడు, చాలా మర్యాదగా రాశాడు. ‘మీ కథ నాకు అర్థం కాలేదు కానీ ఆ ఆడమనిషి నా గేమ్‌లో పాత్ర. ఆ వంటగది కూడా నాదే. పొరపాటున జరిగిందనుకుంటున్నాను, దయచేసి తీసేయండి.’ కింద తన గేమ్ బొమ్మలు జతచేశాడు. కిటికీ దగ్గర కప్పుతో సహా అదే బొమ్మ. ఎవరో ఆయన గేమ్ ఫైళ్లు విప్పి బొమ్మలు లాగేశారు, సారు వాటినే ప్యాక్ చేసి నాకు అమ్మాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మర్యాదకి నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. క్షమాపణ చెప్పి డెమో తీసేశా.

ఇవాళ సాయంత్రం వెళ్లాను. గొడవ పెట్టుకోవాలని కూడా కాదు. కోర్సు ఫీజు ఉంచుకోండి సార్, ప్యాక్ డబ్బు, పబ్లిషింగ్ డబ్బు వెనక్కి ఇవ్వండి చాలు అందామని.

‘కూర్చో నాన్నా’ అని టీ తెప్పించాడు. మెసేజ్ చూపించాను. నవ్వాడు. ‘ఆ ఫారినర్ వైజాగ్ వచ్చి కేసు పెడతాడేటి?’ అన్నాడు. అది కాదు సార్, మీరు గీయించినవే అన్నారు కదా అన్నాను. టీ చల్లారిపోతుంది తాగు అన్నాడు. నేను మళ్లీ డబ్బు మాట ఎత్తాను. అప్పుడు సొరుగు తీశాడు. నా అడ్మిషన్ ఫారం పైకి తీసి, బల్ల మీద నా వైపు తిప్పి పెట్టాడు. అందులో ‘తండ్రి ఫోన్ నంబర్’ అన్న గడి మీద వేలు పెట్టాడు.

‘మీ నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారన్నావు కదా. పెద్దమనిషి. చెల్లికి సంబంధాలు చూస్తున్నారని కూడా అన్నావు. ఒక పని చేద్దాం. ఇప్పుడే ఆయనకి ఫోన్ చేస్తాను. మీ అబ్బాయి ఏ గేమ్స్ నేర్చుకోవడానికి నా దగ్గర చేరాడో వివరంగా చెప్పి, చెక్కు ఆయన చేతికే ఇస్తాను. సరేనా?’

గొంతు పెంచలేదు. ఒక్క చెడ్డ మాట అనలేదు. చెల్లి సంబంధాల సంగతి నేనే చెప్పాను, ఒకరోజు క్లాసయ్యాక కింద బండి దగ్గర టీ తాగుతూ. ‘ఇంట్లో ఎలా ఉన్నారు నాన్నా’ అని అడిగితే, ఎంత ఆప్యాయతో అనుకుని చెప్పుకున్నాను. దాన్ని జాగ్రత్తగా దాచుకుని, ఇవాళ టీ గ్లాసు పక్కన తీసి పెట్టాడు. రిసెప్షన్‌లో అమ్మాయి కంప్యూటర్ నుంచి తల ఎత్తలేదు. ఆమెకిది కొత్త కాదన్నమాట.

నేనేమన్నానో చెప్పనా? ‘థాంక్యూ సార్’ అన్నాను! అని, మెట్లు దిగి వచ్చేశాను. ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా నడిచాక గానీ ఏం జరిగిందో బుర్రకెక్కలేదు. నా 38,000 మింగి, నన్నే బెదిరించి, నాతోనే థాంక్స్ చెప్పించుకున్నాడు. మనిషంటే అలా ఉండాలి.

గాజువాక బస్సులో కూర్చుని రసీదులు తీసి చూస్తే అన్నీ ఒక్కొక్కటిగా కలిశాయి. ఒక్క రసీదులోనూ గేమ్ అన్న మాట లేదు, ‘మల్టీమీడియా శిక్షణ’ అని ఉంది. 26 ఏళ్ల మనిషి అప్లికేషన్‌లో తండ్రి నంబరు ఎందుకు తప్పనిసరో ఇప్పుడు తెలిసింది. వెబ్‌డిజైన్ నేర్పిస్తానని మోసం చేస్తే జనం పది మందిని వేసుకొచ్చి బల్లలు తిరగేస్తారు. ఈ కోర్సైతే ఎవడూ నోరెత్తడు, ఇంట్లో తెలుస్తుందని.

పబ్లిషింగ్ పన్నెండు వేల కథ త్వరగా చెప్పేస్తా. ‘వారంలో స్టీమ్‌లో పెట్టిస్తాను’ అన్నాడు. స్టీమ్ అంటే కంప్యూటర్ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్. స్టీమ్‌లో ఒక్కో గేమ్‌కి కట్టాల్సింది 100 డాలర్లు. ఆ గేమ్ అమ్మకాలు 1000 డాలర్లు దాటితే ఆ వంద కూడా తిరిగొస్తుంది. డబ్బు కట్టాక 30 రోజులు ఆగాలి, పేజీ కనీసం రెండు వారాలు ‘త్వరలో వస్తుంది’ అని కనిపించాలి. వారంలో ఎలా పెడతాడు? పైగా ఖాతా ఆయన పేరు మీద. అంటే గేమ్ నాది, డబ్బు పడేది ఆయన బ్యాంకులో. ఇచ్‌లో అయితే పెట్టడానికి అసలు రూపాయి అక్కర్లేదు.

‘నెలనెలా గ్యారంటీ ఆదాయం’ అన్నది ఇంకో జోక్. 2025 జూలైలో కార్డు కంపెనీల, పేమెంట్ సంస్థల ఒత్తిడి వచ్చి స్టీమ్ కొన్ని పెద్దల గేమ్స్‌ని తీసేసింది, ఇచ్ అయితే ఆ రకం గేమ్స్ మొత్తాన్ని రాత్రికి రాత్రి సెర్చ్‌లో కనపడకుండా చేసింది. ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్లే గగ్గోలు పెట్టారు. వాళ్లకి లేని గ్యారంటీ ద్వారకానగర్ మేడ మీద ఉందట. గూగుల్ ప్లేలో పెడదామా సార్ అని ఎవరో అడిగితే ‘చూద్దాం’ అన్నాడు కూడా. అక్కడ అశ్లీల కంటెంట్‌కి చోటే లేదు, ఇంక చూసేదేముంది?

చట్టం మాట అడిగినప్పుడు ‘సర్వర్ అమెరికాలో ఉంటుంది, మనకి వర్తించదు’ అన్నాడు. ఇది వినకండి. ఐటీ చట్టం సెక్షన్ 67 కింద అశ్లీల కంటెంట్ ఆన్‌లైన్‌లో పెడితే మొదటిసారికే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. నేరుగా లైంగిక చర్య చూపిస్తే 67ఏ, ఐదేళ్లు, 10 లక్షలు. సర్వర్ ఎక్కడున్నా ఇక్కడ ఇంట్లో కూర్చుని అప్‌లోడ్ నొక్కేది మనం. అందుకే నా కథలో ఆ లాడ్జి తలుపు మూసుకోవడంతో సీను అయిపోతుంది. సారుకి అదే నచ్చలేదు, ‘ఇలాగైతే డాలర్లు రావు’ అన్నాడు.

కోర్టులో ప్రాక్టీస్ చేసే మా సీనియర్‌కి బస్సులోంచే ఫోన్ చేశా. ‘పరువు తీస్తానని బెదిరించి, నీకు హక్కున్న పని చెయ్యకుండా ఆపడం నేరమేరా, బీఎన్ఎస్ 351 చదువు’ అన్నాడు. బీఎన్ఎస్ అంటే భారతీయ న్యాయ సంహిత. బల్ల దగ్గర ఆ మాట నాకు తెలిసుంటేనా!

ఇంటికొచ్చి నాన్నకి నేనే చెప్పేశా. చెప్పులు కూడా విప్పకుండా, మొత్తం, గేమ్ ఏంటో సహా. ఆయన టీవీ సౌండ్ తగ్గించి అడిగిన మొదటి ప్రశ్న: ‘రసీదులు ఉన్నాయా?’ రెండోది: ‘క్యాష్ ఎందుకిచ్చావు?’ గేమ్ గురించి ఒక్క ముక్క అడగలేదు. అమ్మ మాత్రం ఇంకా వంటింట్లో గిన్నెలు గట్టిగా పెడుతోంది, అది వేరే సంగతి.

ఇది నేర్చుకోవాలనుకునేవాళ్లు రెన్‌పై దింపుకుని, దాంతో వచ్చే ట్యుటోరియల్ చెయ్యండి, అది ఉచితం. బొమ్మలు ఎవరి దగ్గర కొన్నా ముందు రివర్స్ ఇమేజ్ సెర్చ్ కొట్టండి, అంటే ఆ బొమ్మనే పెట్టి ఇంటర్నెట్‌లో ఇంకెక్కడుందో వెతకండి. స్టోర్ ఖాతా మీ పేరు మీదే తెరవండి. ఎక్కడ చేరినా తండ్రి నంబరు అడిగితే ఎందుకని అడగండి. ఆన్‌లైన్‌లో కట్టి మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వ్యవహారాలకి ఫిర్యాదు ఫీజు కూడా లేదు.

సారు దగ్గర చేరి, ఇలాగే టీ తాగి దిగొచ్చినవాళ్లు నా బ్యాచ్‌లోనే ఉన్నారని నాకు అనుమానం. ‘మల్టీమీడియా శిక్షణ’ రసీదు మీ దగ్గర ఉంటే ఫొటో తీసి నాకు మెసేజ్ పెట్టండి, పేరు బయటపెట్టను. సోమవారం నాన్నా నేనూ కమిషన్ ఆఫీసుకి వెళ్తున్నాం. ఒక్క రసీదు కన్నా నాలుగు రసీదులతో వెళ్తే మేలని ఆయన అంటున్నారు.