ఫొటోల కోసం తొలి రిఫ్రాక్టర్: 51, 72, 102లో ఏది మేలు?

తక్కువ ఖర్చులో ఆకాశాన్ని ఫొటో తీయాలనుకునేవారి ముందు ఎంత వడపోసినా మూడు రిఫ్రాక్టర్లు, అంటే కటకాల టెలిస్కోపు గొట్టాలు, మిగులుతాయి (51, 72, 102 వాటి ముందు కటకం వ్యాసాలు): 500 మి.మీ. నాభ్యంతరం ఉన్న 102 మి.మీ. అక్రోమాట్, 420 ఉన్న 72 మి.మీ. ఈడీ డబ్లెట్ (రంగులను తక్కువగా చెదరగొట్టే గాజు వాడిన రెండు కటకాల జత), 250 ఉన్న 51 మి.మీ. పెట్జ్‌వాల్ (ముందూ వెనకా కటకాల జట్లున్న గొట్టం). 51 పట్టే వెలుగుకు 72 రెట్టింపు పడుతుంది, 72కు 102 మళ్లీ రెట్టింపు. పైగా అన్నిటికన్నా పెద్దదే సాధారణంగా అన్నిటికన్నా చవక. అనుమానించాల్సింది అక్కడే.

అక్రోమాట్ రెండు రంగులనే ఒకచోట కలుపుతుంది. ఊదా కిరణాలు ఆ బిందువును దాటిపోయి కలుస్తాయి. మన కంటికి ఊదా అంతగా ఆనదు కాబట్టి చంద్రుణ్ణి చూడటానికి సర్దుకుపోవచ్చు, కెమెరా సెన్సర్ సర్దుకోదు. కృత్తికల వైపు తిప్పితే ఒక్కో నక్షత్రం చుట్టూ ఊదారంగు వాపు కనిపిస్తుంది. నాలుగంగుళాల అక్రోమాట్‌లో ఈ దోషం కంటిని ఇబ్బంది పెట్టకూడదంటే f/12 (నాభ్యంతరం కటకం వ్యాసానికి 12 రెట్లు) దాకా ఉండాలన్నది పాత లెక్క. ఇదేమో f/5. నీహారికల ఎర్రటి వెలుగునే వదిలే హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టరు, నలుపు తెలుపు కెమెరా ఉంటే పనికొస్తుంది కానీ, ఆ రెండూ కొనగలిగినవారు చవక గొట్టం కోసం వెతకరు. దాన్ని పక్కన పెట్టేద్దాం.

అసలు పోటీ 72కూ 51కీ మధ్యే. ధర చూస్తే 72 తక్కువనిపిస్తుంది, ఫ్లాటెనర్ (ప్రతిబింబాన్ని చదును చేసే అదనపు కటకం) కలిపి చూడండి. డబ్లెట్ ప్రతిబింబం వంపు తిరిగిన తలం మీద పడుతుంది, సెన్సరేమో బల్లపరుపు. ఫ్లాటెనర్ లేకపోతే మధ్యలో చుక్కలు గుండ్రంగా ఉన్నా మూలల్లో సాగిపోతాయి. అది పెట్టినా దాని నుంచి సెన్సర్‌కు ఉండాల్సిన దూరం (చాలావాటికి 55 మి.మీ.) కుదరాలి. మూలల్లోని చుక్కలు ఫొటో మధ్యభాగం వైపు గీతల్లా సాగితే సెన్సర్ మరీ దగ్గరగా ఉన్నట్టు, మధ్యభాగం చుట్టూ తిరుగుతున్నట్టుంటే దూరంగా ఉన్నట్టు. ఒక్క పక్కే చెడితే ఎక్కడో కెమెరా ఒరిగింది. పల్చని రింగులు వేస్తూ తీస్తూ సరిచేసుకోవాలి. పెట్జ్‌వాల్‌లో ఈ తంటా లేదు. ఫీల్డును చదును చేసే కటకాలు గొట్టంలోనే ఉంటాయి, కెమెరా బిగించి ఫోకస్ చేస్తే చాలు.

ఇక చిత్రంలో ఏం పడుతుందో చూద్దాం. మూడు డిగ్రీల పొడవున్న ఆండ్రోమెడా గెలాక్సీ 250 మీద 13 మి.మీ. వస్తుంది. 420 మీద 22 మి.మీ., అంటే 22–24 మి.మీ. వెడల్పుండే ఏపీఎస్-సీ సెన్సర్‌లో అంచులు ఒరుసుకుంటూ పడుతుంది. పెద్ద నీహారికలకు 51 హాయి. అదే వర్ల్‌పూల్ గెలాక్సీకి 250 మీద దక్కేది 0.8 మి.మీ., 3.76 మైక్రాన్ల పిక్సెళ్లతో సుమారు 210 పిక్సెళ్లు. 420 మీద 350 దాటుతాయి. చిన్న గెలాక్సీల మీద మనసుంటే ఈ తేడా చిన్నది కాదు.

తేల్చేది మాత్రం మౌంటే, అంటే టెలిస్కోపును మోస్తూ ఆకాశంతో పాటు తిప్పే పీఠమే. భూమి తిరగడం వల్ల నక్షత్రాలు సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు (ఒక్కోటి డిగ్రీలో 3,600వ వంతు) కదులుతాయి, ఆ కదలికను మౌంట్ రద్దు చేయాలి. అది 4 ఆర్క్‌సెకన్లు తప్పితే 51 మీద పిక్సెల్ పైచిలుకు, 72 మీద రెండు పిక్సెళ్లు దాటిపోతుంది. మీ దగ్గరున్నది కెమెరా కోసం కొన్న చిన్న ట్రాకరే అయితే పెట్జ్‌వాల్ తీసుకోండి. 72 గొట్టం రెండు కిలోలుంటుంది. ఫ్లాటెనరు, కెమెరా, గైడ్ స్కోపు (ఒక నక్షత్రాన్ని చూస్తూ మౌంట్ తప్పును సరిదిద్దే, అంటే గైడింగ్ చేసే, చిన్న టెలిస్కోపు) కలిస్తే మూడు కిలోలు దాటుతుంది. ఐదు కిలోలు మోస్తుందని రాసిన మౌంట్ ఫొటోలకు మోసేది అందులో సగం అనుకోవడం క్షేమం.

గైడింగ్‌కు వీలున్న గట్టి ఈక్వటోరియల్ మౌంట్ (భూమి అక్షానికి సమాంతరమైన ఇరుసు మీద తిరిగేది) ఉంటే, లేదా ముందు దానికే డబ్బు కేటాయించగలిగితే నా ఓటు 72కే. వాడినది కొనేటట్టయితే కటకం మీద చిన్న గీతకు భయపడకండి, ఫోకసర్‌ను పరీక్షించండి. కెమెరా బరువుకు జారకూడదు, పదికి ఒకటి నిష్పత్తిలో తిరిగే చిన్న మర కూడా ఉండాలి. f/5.8 దగ్గర ఫోకస్ తప్పడానికి మిల్లీమీటరులో పదోవంతు చాలు.