తొమ్మిదేళ్ల ఎన్‌క్లోజర్, ఎంవీపీ కాలనీ ఉప్పుగాలి

మా విశాఖకి హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు, 2014 అక్టోబర్ 12న, మా కిటికీ అద్దం పగిలి వాన నేరుగా సీపీయూ మీద పడింది. ఫోటోలు సగం పోయాయి. ఆ భయంతో 2015 సంక్రాంతికి ఒక 3 టీబీ డిస్క్, దానికో ఎన్‌క్లోజర్ (డిస్క్‌ని లోపల పెట్టి యూఎస్‌బీతో కంప్యూటర్‌కి తగిలించే పెట్టె) కొన్నాను. అల్యూమినియం పెట్టె, యూఎస్‌బీ 3.0, 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్. కంపెనీ పేరు చెప్పను.

మంచి మాటలు ముందే చెప్పేస్తాను. తొమ్మిదేళ్లలో పెట్టె ఎప్పుడూ విపరీతంగా వేడెక్కలేదు, స్పీడూ తగ్గలేదు. ఫ్యాన్ లేదు కాబట్టి గోల లేదు. అంతకంటే చెప్పడానికేం లేదు, బాగా పనిచేసే వస్తువు గురించి ఎవరికైనా ఏం తెలుస్తుంది?

2024 వానాకాలంలో ఒక సాయంత్రం స్విచ్ వేస్తే లోపల ఠక్... ఠక్... అంటోంది. డిస్క్ తిరగడం మొదలెడుతుంది, రెండు సెకన్లకి ఆగుతుంది, మళ్లీ మొదలెడుతుంది. అందులో నాన్నగారి షష్టిపూర్తి వీడియో ఉంది. ఇంకెక్కడా లేదు. అమ్మ వంటింట్లోంచే అడిగింది, "ఒరే, ఉందా పోయిందా, అది చెప్పు ముందు."

డాబాగార్డెన్స్‌లో ఒక షాపుకి తీసుకెళ్తే, కుర్రాడు చెవి దగ్గర పెట్టుకుని విని, "హెడ్ పోయింది సార్, రికవరీకి పంపాలి, 12 వేలు అవుద్ది" అన్నాడు. హెడ్ అంటే డిస్క్ మీద డేటా చదివే భాగం. ఆ శబ్దం వింటే ఎవరైనా అదే అనుకుంటారు. ఎందుకో ఒప్పుకోబుద్ధి కాలేదు, ఇంటికి తెచ్చేశాను.

మల్టీమీటర్ పెట్టి చూస్తే, అడాప్టర్ ఊరికే ఉన్నప్పుడు 12.1 వోల్టులు చూపిస్తోంది. డిస్క్ తిరగడం మొదలెట్టగానే 10 కిందకి పడిపోతోంది. పెద్ద సైజు డిస్కులకు మోటారు తిప్పేటప్పుడే కరెంటు ఎక్కువ కావాలి. అడాప్టర్ అంత ఇవ్వలేకపోతే డిస్క్ రీసెట్ అయి మళ్లీ మొదటికొస్తుంది. ఆ ఠక్ ఠక్ అదే. సీసీ కెమెరా అడాప్టర్ ఒకటి ఇంట్లో పడి ఉంది, అదీ 12 వోల్టులు, 2 ఆంపియర్లే. పిన్ మధ్యలో ప్లస్ ఉందని చూసుకుని మరీ పెట్టాను. డిస్క్ నిక్షేపంగా తిరిగింది.

కానీ విండోస్‌లో కనబడి, టుడుం అని శబ్దం చేసి మాయమవుతోంది. కేబుల్ మార్చినా అదే. పెట్టె విప్పాను. యూఎస్‌బీ సాకెట్ పక్కన సోల్డర్ చుట్టూ పచ్చటి చిలుము. బీచ్‌కి దగ్గరలో ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు: గ్రిల్స్ ఏడాదికోసారి పెయింట్ అడుగుతాయి, ఏసీ బయటి యూనిట్ తుప్పు రాలుస్తుంది. ఆ ఉప్పుగాలే ఇక్కడికీ చేరింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే రెండు రోజులు పనిచేసింది. సంబరపడి కాపీ రేపు చేద్దాంలే అనుకున్నాను. మూడో రోజు పెట్టెలోని సర్క్యూట్ బోర్డు పూర్తిగా పోయింది. నా బద్ధకానికి తగిన శాస్తి.

సరే, డిస్క్ బయటికి తీసి డెస్క్‌టాప్ లోపల డిస్కులు తగిలించే సాటా కేబుల్‌కి నేరుగా తగిలించాను. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై పక్కన పెట్టినవి) సున్నా, పెండింగ్ సెక్టార్లు (అనుమానం ఉన్నవి) సున్నా. సెక్టార్ అంటే డిస్క్‌లో డేటా దాచే చిన్న గడి. డిస్క్ ఆరోగ్యంగా ఉంది. అయినా విండోస్ మాత్రం "ఫార్మాట్ చేయాలా?" అంటోంది! ఇక్కడ నిజంగా టెన్షన్ పడ్డాను. అక్కడ పొరపాటున కూడా అవును అనకండి.

రెండు రాత్రులు తల పట్టుకున్నాక విషయం తెలిసింది. ఈ డిస్క్‌లో 512 బైట్ల సెక్టార్లు 5,860,533,168 ఉన్నాయి. డిస్క్‌లో ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో రాసిపెట్టే పాత ఎంబీఆర్ పద్ధతిలో సుమారు 4,294,967,296 వరకే లెక్కపెట్టగలం, అంటే రెండు టీబీ దాటితే కుదరదు. అందుకని ఆ ఎన్‌క్లోజర్ చిప్ ఎనిమిదేసి సెక్టార్లను కలిపి ఒక్కటిగా, 4096 బైట్లుగా కంప్యూటర్‌కి చూపించేది. వీధికి ఎనిమిది ఇళ్లనుకోండి. డేటా "256వ వీధిలో మొదలు" అని రాసి ఉంది. నేరుగా తగిలించిన కంప్యూటర్ దాన్ని 256వ ఇల్లు అనుకుని వెళ్లి తలుపు కొట్టింది. అక్కడెవరూ లేరు. డిస్క్‌లోని బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపించే హెక్స్ ఎడిటర్‌లో 256ని 8తో గుణించి 2048వ సెక్టార్ తెరిస్తే, మొదటి లైన్లోనే ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లు దాచే పద్ధతి పేరు) అని కనబడింది. కుర్చీలోంచి లేచి అమ్మకి చెప్పాను, "ఉంది."

ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, లోసెటప్ అనే లినక్స్ కమాండ్‌తో సెక్టార్ సైజు 4096 అని చెప్పి, రీడ్ ఓన్లీగా తెరిచాను. ఫోల్డర్లన్నీ వచ్చేశాయి. 1.8 టీబీ కొత్త డిస్క్‌లోకి ఎక్కడానికి రాత్రంతా పట్టింది. మధ్యలో కరెంటు పోయినా ఇన్వర్టర్ కాపాడింది. ఒకవేళ డిస్క్‌లోనే పాడైన సెక్టార్లు ఉండి ఉంటే ఇలా ఫైళ్లు కాపీ చేసేవాణ్ణి కాదు, ముందు పాడైన డిస్కుల నుంచి కాపీ తీసే డీడీరెస్క్యూతో మొత్తం క్లోన్ తీసేవాణ్ణి.

మీ ఎన్‌క్లోజర్ బతికుండగానే ఒక పని చేయండి. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, స్టోరేజ్‌లో డిస్కులు చూస్తే సెక్టార్‌కి ఎన్ని బైట్లో ఉంటుంది. ఎన్‌క్లోజర్‌లో 4096 చూపించి, నేరుగా తగిలిస్తే 512 చూపించే డిస్క్ అయితే మీకూ నా గతే. రెడీమేడ్ ఎక్స్‌టర్నల్స్‌లో కొన్నిటికి బోర్డులోనే ఎన్‌క్రిప్షన్ (డేటాకి తాళం వేసి రాయడం) ఉంటుంది, వాటితో ఈ తంటా ఇంకా పెద్దది.

పాత పెట్టెకి నేనిచ్చేది ఐదుకి మూడు. అడాప్టర్‌కి ఒకటి. కొత్త ఎన్‌క్లోజర్ కొన్న రోజే డిస్క్ అందులో పెట్టి ఒక ఫైల్ రాసి, బయటికి తీసి నేరుగా తగిలించి చదివి చూశాను, సరిగ్గానే వచ్చింది. దాన్ని ఇప్పుడు చెప్పుల డబ్బాల్లో వచ్చిన సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో దాస్తున్నాను. అది మురుకుల డబ్బా. అమ్మ ఇంకా తిరిగి అడుగుతూనే ఉంది.