రెండు బళ్లలోనూ చదివాక చెబుతున్నా: నా గొడవంతా సెక్షన్ల గురించే

ఎనిమిదో తరగతి దాకా ప్రైవేటు స్కూల్లో, ఆ తర్వాత స్కూలు చదువు పూర్తయ్యేదాకా ప్రభుత్వ బడిలో చదివాను. ఈ రెండిట్లో ఏది మంచిదని నన్నడిగేవాళ్లు భవనం, ఫీజు, ఇంగ్లీషు, క్రమశిక్షణ దగ్గర మొదలెట్టి అక్కడే ఆగిపోతారు. వాటి సంగతి అందరికీ తెలిసిందే. బెంచీ మీద కూర్చున్నవాడిగా నాకు కొట్టొచ్చినట్టు కనబడిన తేడా వేరే ఉంది. నా పక్కన ఎవరు కూర్చోవాలన్నది ప్రైవేటులో మార్కుల్ని బట్టి తేలేది. ప్రభుత్వ బడిలో ఎవరు ముందొస్తే వాళ్లు కూర్చునేవాళ్లం. నేను రాసేదంతా దాదాపు దీని చుట్టూనే తిరుగుతుంది.

మా ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి నుంచి సెక్షన్లు ర్యాంకుల ప్రకారం వేసేవాళ్లు. ‘ఏ’ (A) సెక్షన్ అంటే మొదటి ర్యాంకులు, డి అంటే ఆఖరువి. ఒకసారి వేసి ఊరుకున్నా కొంత నయం. ప్రతి పెద్ద పరీక్ష తర్వాతా కొత్త జాబితాలు నోటీసు బోర్డుకి అంటించేవాళ్లు, సెక్షన్‌కి ఒక కాగితం చొప్పున పక్కపక్కనే. మన పేరు పాత సెక్షన్ కాగితంలో లేకపోతే పక్క కాగితం వెతకాలి. అందులోనూ లేకపోతే ఇంకోటి. వెనకాల క్లాసంతా నిలబడి ఉంటుంది, మనం ఒక్కో కాగితం దాటుకుంటూ పక్కకి జరుగుతూ ఉంటాం. ఎవరూ ఏమీ అననక్కర్లేదు. ఎంత దూరం జరిగామో అందరికీ కనబడుతూనే ఉంటుంది.

‘ఏ’ సెక్షన్‌లో ఉన్నన్నాళ్లూ మాత్రం చదువు నిజంగా బాగా సాగింది. సిలబస్ ముందే అయిపోయేది. పొద్దున రాసిన స్లిప్ టెస్టు మర్నాటికల్లా దిద్ది చేతికిచ్చేవాళ్లు. ఎక్కడ తప్పు చేశామో వేడి తగ్గకముందే తెలిసేది. రోజూ కాస్త చదవడం, చదివింది వెంటనే రాసి చూసుకోవడం నాకు అక్కడే అలవాటయ్యాయి, ఇవాళ్టికీ పనికొస్తున్నాయి. ఆ మేలు నేను మర్చిపోను.

ఎనిమిదో తరగతిలో జ్వరంతో ఒక పరీక్ష సగం సగం రాశాను. తర్వాతి జాబితాలో సి సెక్షన్‌లో తేలాను. ‘ఏ’ సెక్షన్‌కి లెక్కలు చెప్పే సార్ సి మొహం చూడరు. మాకు వచ్చిన టీచరు కొత్తగా చేరారు, ఓపిగ్గానే చెప్పేవారు. ఇంకో స్కూల్లో ఎక్కువ జీతం ఇస్తామన్నారని ఏడాది మధ్యలో వెళ్లిపోయారు. ఆవిణ్ణి ఏమనగలం? ఆ తర్వాత ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు. అంతకంటే నాకు మింగుడుపడనిది ఇంకొకటుంది. సి, డి సెక్షన్ల వాళ్లకి ప్రతి చాప్టర్‌లోనూ కష్టమైన ఎక్సర్‌సైజులు వదిలేయమనేవాళ్లు. "మీకు ఇంపార్టెంట్ క్వశ్చన్లు చాలు" అనేవాళ్లు. పరీక్ష పేపరు మాత్రం నాలుగు సెక్షన్లకీ ఒకటే. వదిలేయమన్న ఎక్సర్‌సైజుల్లోంచి అందులో ప్రశ్నలొచ్చేవి. ఆ మార్కుల్ని బట్టే మళ్లీ సెక్షన్లు. అంటే పైకెక్కడానికి ఏ పాఠం కావాలో సరిగ్గా ఆ పాఠాన్నే కిందివాళ్లకి చెప్పకుండా ఆపారన్నమాట. నేను మళ్లీ ‘ఏ’ కి వెళ్లగలిగానంటే ఇంట్లో అక్క కూర్చోబెట్టి ఆ లెక్కలన్నీ చేయించింది కాబట్టి. సి లో నాతోపాటు కూర్చున్నవాళ్లలో చాలామందికి ఇంట్లో అలాంటి అక్క లేదు. వాళ్లు అక్కడే ఉండిపోయారు. ఈ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

ఇంటి పరిస్థితులు మారి తొమ్మిదిలో ప్రభుత్వ బడిలో చేరాను. వెనకబడిపోతానని అమ్మ భయపడింది, నేనూ భయపడ్డాను. ఒక సెక్షన్‌లోనే అన్ని రకాలవాళ్లూ ఉన్నారు. చెప్పకముందే లెక్క చేసేసేవాళ్లు, పాఠం గడగడా చదవలేనివాళ్లు, బడి కాగానే పనికి వెళ్లేవాళ్లు, అందరం ఒకే గదిలో.

బీజగణితం మొదలైన వారంలోనే నా పక్కవాడు లేచి, "సార్, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుంది?" అని అడిగాడు. తొమ్మిదిలో అడగాల్సిన ప్రశ్న కాదది, ఎప్పుడో అయిపోయిన పాఠం. పాత స్కూల్లో అయితే "అది రూలు, రాసుకో" అని ముందుకెళ్లిపోయేవాళ్లు. లెక్కల మాస్టారు క్లాసు వైపు తిరిగి ఎవరు చెబుతారన్నారు. నేను లేచి రూలు అప్పజెప్పాను. "ఆ రూలు వాడికీ తెలుసు. ఎందుకని అడుగుతున్నాడు" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. అన్నేళ్లలో ఎవరూ నాకు చెప్పలేదు, ఎవరినీ అడగాలనీ నాకు తోచలేదు.

మాస్టారు బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాశారు. 3 × (−2) = −6. 2 × (−2) = −4. 1 × (−2) = −2. 0 × (−2) = 0. "ఒక్కో మెట్టు దిగేకొద్దీ జవాబు ఎటు పోతోంది?" అని అడిగారు. రెండేసి పెరుగుతోందని వెనక బెంచీల్లోంచి ఎవరో అన్నారు. ఇంకో మెట్టు దిగి (−1) × (−2) అని రాసి, పక్కన ఖాళీ వదిలి, సుద్దముక్క నా పక్కవాడి చేతికిచ్చారు. వాడు కాసేపు ఆ వరసనే చూసి 2 వేశాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాం. వాడు మాత్రం కదలకుండా, "వరస అలాగే సాగాలని ఏముంది సార్? మధ్యలో మారిపోవచ్చుగా?" అన్నాడు.

మాస్టారి మొహం వెలిగిపోయింది. "అదీ అడగాల్సింది! మారిపోతే ఏమవుతుందో చూద్దాం" అని మళ్లీ బోర్డు దగ్గరికెళ్లారు. 1, −1 కలిపితే సున్నా. సున్నాని −2తో గుణిస్తే సున్నా. బ్రాకెట్ విప్పి విడివిడిగా గుణించినా అదే రావాలి. (−2) × 1 అంటే −2, అది మనకి తెలుసు. ఇంకో ముక్క (−2) × (−1). ఈ రెండూ కలిసి సున్నా కావాలంటే ఆ రెండో ముక్క +2 అయి తీరాలి. కాదన్నామా, ఇన్నాళ్లూ బ్రాకెట్లు విప్పి చేసిన లెక్కలన్నీ కూలిపోతాయి. పీరియడ్ మొత్తం దీనికే సరిపోయింది. సిలబస్ ఒక్క పేజీ కదల్లేదు. మర్నాడు రానివాళ్లకి నన్ను చెప్పమన్నారు. చెబుతూ చెబుతూ రెండుచోట్ల తడబడ్డాను, నాకు ఎక్కడ అర్థం కాలేదో అప్పుడు తెలిసింది.

ఆ ప్రశ్న నా పాత స్కూల్లో పుట్టే అవకాశమే లేదు. ‘ఏ’ సెక్షన్‌లో అందరికీ రూలు నోటికొచ్చు, అడగాల్సిన అవసరం ఎవరికీ రాదు. సి లో అడిగేవాళ్లుంటారు, ఆగి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ ఒక బెంచీ మీద కూర్చుంటేనే అలాంటి ప్రశ్న అందరి ప్రశ్న అవుతుంది. పైగా ఈ వరసలో ఎప్పుడూ నేనే పైన లేను. కరెంటు పాఠం వచ్చినప్పుడు వైరింగ్ పనికి వెళ్లే మా క్లాసువాడే మాకు దిక్కయ్యాడు. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు అన్నీ సమాంతరంగా కలుపుతారనీ, వరసగా కలిపితే ఒక బల్బు పోగానే మిగతావన్నీ ఆరిపోతాయనీ వాడు చెబుతుంటే, అంతకుముందు నేను బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్న పాఠం మొదటిసారి కళ్లకి కట్టింది.

డిగ్రీలో చేరాక ఈ విషయం మీద దొరికినవి చదివాను. నా కోపానికి బలం దొరుకుతుందనుకున్నాను. అలా జరగలేదు. కెన్యాలో 2005లో 121 ప్రాథమిక పాఠశాలల్లో ఒకటో తరగతిని రెండు సెక్షన్లు చేశారు. దాదాపు సగం బళ్లలో మార్కుల్ని బట్టి, మిగతా బళ్లలో లాటరీ తీసినట్టు. ఏడాదిన్నర తర్వాత చూస్తే మార్కుల్ని బట్టి విడదీసిన బళ్లే ముందున్నాయి. కింది సెక్షన్ పిల్లలు కూడా బాగుపడ్డారు. ఎదుట ఉన్నవాళ్లందరూ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటే టీచరు దానికి తగ్గట్టు చెప్పగలరు, అదీ పరిశోధకులు చూపిన కారణం. ఇది చదివి కొన్నాళ్లు ఇబ్బందిపడ్డాను. తర్వాత ఒక సంగతి కళ్లబడింది. అక్కడ ఏ టీచరు ఏ సెక్షన్‌కి వెళ్లాలన్నది కూడా లాటరీయే. మంచి టీచర్లని పైవాళ్లకి కట్టబెట్టలేదు. మా స్కూల్లో విడదీయడంతోపాటు టీచర్లనీ పాఠాన్నీ కూడా పంచేశారు, పెద్ద వాటా పైవాళ్లకి. కాబట్టి సెక్షన్లు వేయడమే పాపమని ఇప్పుడు అనను. ఆ పంపకం మీద మాత్రం నా మాట మారదు.

ఇక ప్రైవేటు, ప్రభుత్వం అన్న పెద్ద పోటీ. ఇందులో నాకు బాగా నచ్చిన పరిశోధన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 2008 నుంచి నాలుగేళ్లు జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2015లో ఆ ఫలితాలు ప్రచురించారు. 180 గ్రామాల్లో ప్రభుత్వ బడి పిల్లలకి లాటరీ వేసి, గెలిచినవాళ్లకి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్లయ్యాక తెలుగులో, లెక్కల్లో గెలిచినవాళ్లకీ గెలవనివాళ్లకీ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు చాలా ముందున్నారు. ప్రైవేటు బళ్లు తెలుగుకీ లెక్కలకీ తక్కువ సమయం కేటాయించి, మిగిలింది వేరే సబ్జెక్టులకి ఇచ్చాయి. తక్కువ సమయంలో అదే ఫలితం రాబట్టాయంటే అది వాళ్ల ఘనతే. పైగా ఒక్కో విద్యార్థి మీద అయిన ఖర్చు ప్రభుత్వ బడిలో అయ్యేదాంట్లో మూడో వంతు కూడా లేదు.  పదిహేనేళ్ల పిల్లలకి దేశదేశాల్లో ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ పెట్టే పీసా పరీక్షల్లో కూడా, ఇంటి స్థితిగతులు లెక్కలోకి తీసుకుంటే ప్రైవేటు ఆధిక్యం చాలావరకు కరిగిపోతుంది. బోర్డు మీద రాసుకునే ర్యాంకుల్లో ఇంటి వాటా ఎంతో ఎవరూ రాయరు. నా ర్యాంకుల్లో మా అక్క వాటా ఎంతుందో నాకు తెలుసు.

ప్రభుత్వ బడి గురించి మురిపెంగా చెప్పాను కాబట్టి మిగతాదీ చెప్పాలి. ఆ మాస్టారు పదో తరగతి మొదట్లోనే బదిలీ అయిపోయారు. తర్వాత వచ్చినాయన పాఠం చదివి వినిపించేవారు, అంతే. భౌతికశాస్త్రం పోస్టు చాలాకాలం ఖాళీగా ఉంది. ల్యాబ్‌లో పరికరాలున్నాయి, అల్మరాకి తాళం ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో తేలేసరికి పరీక్షలొచ్చాయి. దిద్దిన పేపర్లు చేతికి వచ్చేటప్పటికి ఏం రాశామో కూడా గుర్తుండేది కాదు. నన్ను అంతగా కదిలించింది ఆ బడా, ఆ ఒక్క మాస్టారా అని ఆలోచిస్తే, ఎక్కువ భాగం ఆయనే అనిపిస్తుంది. అయితే అలాంటి మనిషికి అలాంటి క్లాసు దొరికింది అక్కడే.

అన్ని స్థాయిలవాళ్లూ కలిసి కూర్చోవడం వల్ల అందరికీ మేలు జరిగిందని కూడా చెప్పలేను. మా క్లాసులో కొంతమందికి పుస్తకం తడుముకోకుండా చదవడం రాదు. బ్రాకెట్లు విప్పే చర్చ ఎంత బాగున్నా వాళ్లకి ఒరిగిందేమీ లేదు. చివరి బెంచీల్లో నిశ్శబ్దంగా ఏళ్లు గడిపేశారు. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ తరగతితో సంబంధం లేకుండా, చదవగలిగే స్థాయిని బట్టి పిల్లల్ని రోజులో కాసేపు గుంపులు చేసి చెప్పే పద్ధతి నడుపుతోంది. అలాంటి గంట ఒకటి వాళ్లకి రోజూ దొరికి ఉంటే ఎంతో బాగుండేది. ఆ గంటకి బడిలో ఉన్న మంచి టీచరుని పంపి, అది కాగానే మళ్లీ అందర్నీ కలిపేస్తే నాకే అభ్యంతరమూ లేదు. అది మా నోటీసు బోర్డు సెక్షన్ లాంటిది కాదు.

ఏది ఎంచుకోమంటారని అడిగితే నా పరిస్థితి నాది అని ముందే చెబుతాను. నాకు ఇంట్లో చెప్పే మనిషి ఉంది. ఎనిమిదేళ్లు క్రమం తప్పకుండా చదివించిన పునాది ప్రైవేటు స్కూలే వేసింది. అది లేకుండా నేరుగా ఆ ఖాళీ పోస్టుల బడిలో చేరి ఉంటే ఇలా రాసేవాణ్ణో లేదో. నాకు అడగడానికి మొహమాటం తక్కువ. నోరు విప్పని పిల్లలు అంతమంది ఉన్న క్లాసులో కనబడకుండా పోతారు, అలాంటివాళ్లని చూశాను. పోటీ పరీక్షలకి సిద్ధమవ్వాలనుకునేవాళ్లకి రోజువారీ టెస్టులు పెట్టే స్కూలే నప్పుతుందేమో. చేర్చే ముందు ఏ బడిలోనైనా రెండు విషయాలు తప్పకుండా అడగమంటాను. మా పిల్లవాడు కూర్చునే సెక్షన్‌కి ఎవరు చెబుతారు, ఆయన కిందటేడు కూడా ఇక్కడే ఉన్నారా? మార్కులు తగ్గితే వాడికి పాఠం కూడా తగ్గుతుందా? రెండోదానికి సూటిగా జవాబు చెప్పని బడిలో చేర్చవద్దనే అంటాను, అది ఏ రకం బడైనా సరే.

మా తమ్ముడు ప్రైవేటులోనే చదువుతున్నాడు. వాడు నాలా కాదు, ఎవరూ అడక్కపోతే రోజంతా మాట్లాడడు, కొద్దిమందే ఉన్న క్లాసు వాడికి నయం. వాణ్ణి చేర్చేటప్పుడు ఆఫీసు గదిలో ఆ రెండు ప్రశ్నలూ అమ్మే అడిగింది. అక్కడ సెక్షన్లు మార్కుల్ని బట్టి వేయరట. లెక్కలు చెప్పే టీచరు అన్ని సెక్షన్లకీ ఒక్కరే.