అన్నానికి దాతలున్నారు, గ్యాస్ బండకు లేరు: యూపీఐ చందాలపై ఒక కోశాధికారి సమీక్ష

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో జిల్లా ఆస్పత్రికి కొండ ఊళ్ల నుంచి వచ్చే రోగులకు, వారికి తోడుగా వచ్చినవారికి మధ్యాహ్నం పూట అన్నం పెట్టే చిన్న ట్రస్టు మాది. గుమ్మ, నువాగడ, ఆర్.ఉదయగిరి వైపు నుంచి వచ్చే సవర గిరిజనులే అందులో ఎక్కువమంది. నడిపేది ఊళ్లోని తెలుగు వ్యాపారులు, ఒడియా ఉద్యోగులు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. జమాఖర్చులు చూసే పని నాది. తిత్లీ తుపానుకు కొద్ది నెలల ముందు యూపీఐ క్యూఆర్ పెట్టుకున్నాం, లాక్‌డౌన్ సడలాక, దాత ఖాతా నుంచి నెలనెలా చందా దానంతట అదే వచ్చే ఆటోపేకు వెళ్లాం. రాయగడ, గుణుపురం, జయపురం, బరంపురంలలో ఇలాంటి సంస్థలు నడుపుతున్న తెలుగువాళ్లు తరచూ ఫోను చేసి అడుగుతున్నారు కాబట్టి, ఇన్నేళ్ల వాడకంలో ఏది నిలబెట్టింది, ఏది ఇబ్బంది పెట్టింది అన్నది ఒకచోట రాస్తున్నాను.

ముందు మా కష్టం ఎక్కడుందో చెప్పాలి. అన్నదానానికి మన దగ్గర దాతల కొరత ఎప్పుడూ లేదు. తండ్రి తద్దినానికో, మనవరాలి పుట్టినరోజుకో, పెళ్లిరోజుకో ఒక పూట భోజనం ఖర్చు ఇస్తామని వచ్చేవాళ్లు ఇప్పటికీ వస్తారు. బియ్యం బస్తాలు పంపుతారు, పప్పు పంపుతారు. కార్తీక మాసంలో అయితే రోజులు పంచడమే కష్టం. కానీ వంటమనిషి జీతానికి ఇస్తామని ఎవరూ రారు. షెడ్డు అద్దెకు, గ్యాస్ బండకు, గిన్నెలు తోమే ఆమెకు, ఏడాదికోసారి ఆడిటర్ ఫీజుకు ఎవరి పేరూ ఉండదు. ఒక పెద్దాయన నన్ను నేరుగా అడిగారు: "అమ్మా, నా డబ్బు అన్నానికే వెళుతుంది కదా? జీతాలకు కాదు కదా?" వండేవాళ్లు లేకుండా బియ్యం అన్నం కాదు కదండీ అని ఆయనకు నచ్చజెప్పడానికి చాలాసేపు పట్టింది. చెడ్డకాలం వచ్చినప్పుడు చిన్న సంస్థలు మూతపడేది ఇక్కడే. బియ్యం నిల్వ ఉంటుంది, అద్దె కట్టే డబ్బు ఉండదు. అందుకని ఏ సాధనాన్నయినా నేను ఒకే ప్రశ్నతో తూస్తాను: ఇది తెచ్చే డబ్బుతో జీతాలు ఇవ్వగలమా?

క్యూఆర్ దగ్గర ఆ ప్రశ్నకు జవాబు అంత బాగా రాదు. ఊళ్లో కిరాణా కొట్ల బల్లల మీద, మా భోజనశాల గోడ మీద అతికించాం. చిల్లర ఇబ్బంది పోయింది, హుండీ తాళాలు తీసి నాణేలు లెక్కపెట్టే పని తగ్గింది. దాత నుంచి ట్రస్టు ఖాతాకు నేరుగా పడుతుంది కనుక మధ్యలో ఎవరి చేతులూ ఉండవు. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి రుసుము లేదు కాబట్టి పదిచ్చినా పదీ మాకే చేరుతుంది. ఇవన్నీ మంచివే. అయితే గోడ మీది కాగితం చూసి ఇచ్చేవాడు ఆ క్షణం మనసు కదిలి ఇస్తాడు. వచ్చే నెల మళ్లీ ఇస్తాడని చెప్పలేం. పండగ నెలల్లో పొంగుతుంది, ఆషాఢంలో ఎండిపోతుంది. దాన్ని నమ్ముకొని ఎవరికీ జీతం మాట ఇవ్వలేం.

క్యూఆర్‌లో ఇంకో చిక్కు ఉంది. దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. బ్యాంకు స్టేట్‌మెంటులో దాత పేరు సగానికి తెగిపోయి కనిపిస్తుంది, పక్కన ఒక యూపీఐ ఐడీ, పన్నెండు అంకెల సంఖ్య ఉంటాయి. చిరునామా ఉండదు. పేరూ చిరునామా నమోదు కాని విరాళాలను ఆదాయపు పన్ను చట్టం అజ్ఞాత విరాళాలుగా చూస్తుంది. మొత్తం విరాళాల్లో 5 శాతం లేదా లక్ష రూపాయలు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్ని దాటిన అజ్ఞాత విరాళం మీద సేవా సంస్థలు 30 శాతం పన్ను కట్టాలి. పూర్తిగా మతపరమైన సంస్థలకు ఇది వర్తించదు కానీ మాలాంటి వాళ్లకు వర్తిస్తుంది. చిన్న మొత్తాలు వస్తున్నంతకాలం లక్ష లోపే ఉంటాం కనుక బెంగ లేదు. ఒక వీడియో నలుగురికీ చేరి ఒక్క వారంలో విరాళాలు వెల్లువెత్తితే అప్పుడు తెలుస్తుంది. అందుకే మా క్యూఆర్ కింద పెద్ద అక్షరాలతో ఒక ఫోను నంబరు రాయించాం: "డబ్బు పంపాక పేరు, ఊరు ఈ నంబరుకు పంపండి, రసీదు ఇస్తాం" అని, ఒడియాలో ఒక వరుస, తెలుగులో ఒక వరుస. అందరూ పంపరు, కానీ పంపినవాళ్లే తర్వాత మాకు స్థిరమైన దాతలయ్యారు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లాలో కుండపోత వాన, కొండచరియలు విరిగిపడ్డాయి. కరెంటు లేదు, ఫోన్లలో సిగ్నల్ లేదు. మా ఊళ్లో క్యూఆర్ కాగితాలు ఉత్త కాగితాలే అయ్యాయి. కొట్టువాళ్లు నగదుకే సరుకు ఇచ్చారు, లేదంటే మొహం తెలిసినవాళ్లమని అరువు రాసుకున్నారు. కానీ విశాఖలో, హైదరాబాదులో ఉన్న మా ఊరివాళ్లు అదే క్యూఆర్‌కు అప్పటికే పంపడం మొదలుపెట్టారని సిగ్నల్ తిరిగి వచ్చాక తెలిసింది. నా అనుభవంలో ఇది పక్కా: విపత్తు పడిన చోట యూపీఐ పనిచేయదు, విపత్తుకు దూరంగా ఉన్న మనసుల దగ్గర అద్భుతంగా పనిచేస్తుంది. కాబట్టి కొన్ని రోజుల సరుకుకు సరిపడా నగదు పెట్టెలో ఉంచడం మేము ఇప్పటికీ మానలేదు. నగదుతో కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త పాటించాలి. ఒకే వ్యక్తికి ఒక రోజులో పదివేలకు మించి నగదు చెల్లిస్తే, ఆ ఖర్చును ట్రస్టు చేసిన సేవాఖర్చుగా లెక్కలోకి తీసుకోరు. బియ్యం కొట్టుకు పెద్ద బిల్లు చెల్లించాల్సి వస్తే సిగ్నల్ వచ్చేదాకా ఆగి ఖాతా నుంచే పంపుతాం.

లాక్‌డౌన్ వేరే రకం దెబ్బ. వంట ఆగలేదు, పైగా పెరిగింది. సూరత్ నుంచి, కేరళ నుంచి తిరిగొచ్చిన వలస కూలీలు, క్వారంటైన్ కేంద్రాలు, వాళ్లకు పొట్లాలు. మరోవైపు మా దాతల్లో చాలామంది చిన్న వ్యాపారులు, వాళ్ల షట్టర్లు దించి ఉన్నాయి. ఏటా ఒకసారి పెద్ద మొత్తం ఇచ్చే ఇద్దరు ముగ్గురు ఆ ఏడాది తమ విరాళాన్ని ప్రభుత్వ సహాయ నిధులకు పంపామని చెప్పారు. వాళ్లను తప్పు పట్టలేను. పెద్ద దాతలను నమ్ముకున్న బండి ఆ పెద్ద దాతలు ఆగిన చోటే ఆగుతుందని మా కమిటీకి అప్పుడు అర్థమైంది. ఒకరు ఇరవై వేలు ఇవ్వడం కన్నా వందమంది నెలకు రెండు వందలు ఇవ్వడం మేలని అప్పుడే తీర్మానం రాసుకున్నాం.

ఆటోపే 2020 జూలైలో వచ్చింది. దాత తన యాప్‌లో ఒక్కసారి పిన్ కొట్టి అనుమతి ఇస్తే, నెలనెలా చెప్పిన తేదీకి చెప్పిన మొత్తం దానంతట అదే వస్తుంది. పదిహేను వేల లోపు మొత్తాలకు ప్రతిసారీ పిన్ అడగదు. డబ్బు కోసేముందు ఒక రోజు ముందుగా దాతకు కబురు వెళుతుంది, ఇష్టం లేకపోతే తన ఫోనులోనే ఆపేసుకోవచ్చు. పెద్దవాళ్లను ఒప్పించడానికి ఈ చివరి మాటే మాకు ఎక్కువ ఉపయోగపడింది. "బాబూ, ఒకసారి ఇచ్చాక నా ఖాతా మీ చేతిలో ఉన్నట్టేనా?" అని అడిగిన ఒక మాస్టారికి కమిటీ కుర్రవాడు ఆయన ఫోనులోనే రద్దుచేసే చోటు తీసి చూపించాడు. ఆయన అక్కడే అనుమతి ఇచ్చారు, నెలకు వంద రూపాయలు. ఆ తర్వాత తన స్నేహితులను కూడా చేర్పించారు.

ఈ డబ్బు అడిగేటప్పుడు మేము ఒక నియమం పెట్టుకున్నాం. ఇది అన్నానికి కాదని ముందే చెప్తాం. "ఇది వంటమనిషి జీతానికి, అద్దెకు, గ్యాస్‌కు. బియ్యానికి దాతలున్నారు" అని స్పష్టంగా రాసి ఇస్తాం. కొందరు వెనక్కి తగ్గుతారు. ఒప్పుకున్నవాళ్లు మాత్రం నిలబడతారు, ఎందుకంటే తెలిసి ఇస్తున్నారు. ఇప్పుడు ప్రతి నెలా మొదటి వారంలో జీతాలు ఇచ్చేస్తున్నాం. మా వంటమనిషి పనిలో చేరినప్పటి నుంచి జీతం ఆలస్యం కాని మొదటి సంవత్సరం ఆటోపే వచ్చాకే. నేను ఈ పద్ధతిని గట్టిగా సమర్థించడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

లోపాలూ ఉన్నాయి. నెలాఖరున ఖాతాలో డబ్బు లేకపోతే చందా తిరిగిపోతుంది. మొదట్లో తేదీని నెలాఖరుకు పెట్టిన దాతల దగ్గర ఇది ఎక్కువగా జరిగేది. జీతాలు, పింఛన్లు పడ్డాక, అంటే నెల మొదటి వారంలోకి మార్పించాక చాలావరకు తగ్గింది. దాత పాత ఖాతా మూసేస్తే చందా ఆగిపోతుంది, ఆ దాత తాను ఇస్తూనే ఉన్నాననుకుంటారు. కాబట్టి తిరిగిపోయిన చందాల జాబితా నెలకోసారి చూసి, ఒక్కొక్కరికీ ఫోను చేసే మనిషి తప్పనిసరి. డబ్బు అడగడానికి కాదు, "అంతా క్షేమమేనా అండీ" అని పలకరించడానికి. ఆ పిలుపులోనే ఒక దాత ఆస్పత్రిలో ఉన్నారని తెలిసింది, వారి ఇంటికి మావాళ్లు వెళ్లొచ్చారు. యంత్రం తెచ్చే చందాను మనిషే నిలబెట్టాలి.

ఆటోపే కావాలంటే మామూలు క్యూఆర్ చాలదు, దాతల డబ్బు వసూలు చేసి మన ఖాతాకు చేర్చే చెల్లింపుల గేట్‌వే సంస్థలో చేరాలి. అక్కడ రుసుములు ఉంటాయి, ఒక్కోచోట ఒక్కోలా. మేము మొదట చేరిన సంస్థ పత్రాల పరిశీలన పేరుతో మా డబ్బును వారాల తరబడి ఆపేసింది. మా ట్రస్టు దస్తావేజు ఒడియాలో ఉంది, ఇంగ్లీషు అనువాదం కావాలన్నారు, ఇచ్చాక నోటరీ సంతకం కావాలన్నారు. సహాయ కేంద్రానికి ఫోను చేస్తే ప్రతిసారీ కొత్త గొంతు, మళ్లీ మొదటి నుంచి చెప్పడం. ఆ నెల జీతాలు కమిటీ సభ్యులు చేబదులు వేసుకొని ఇచ్చారు. తర్వాత వేరే సంస్థకు మారాం. మారడమంటే దాతలందరి చేతా మళ్లీ అనుమతి ఇప్పించాలి, కొందరు రాలేదు. చేరే ముందే అడగాల్సినవి మూడు: డబ్బు ఎన్ని రోజుల్లో మా ఖాతాలో పడుతుంది, తిరిగిపోయిన చందాకు కూడా రుసుము ఉందా, సంస్థ మారితే దాతల వివరాలు మాకు ఇస్తారా.

రసీదుల పని మాత్రం యూపీఐతో తగ్గుతుందని ఎవరైనా అనుకుంటే ఆ ఆశ వదులుకోవాలి. విరాళానికి ఆదాయపు పన్నులో ఇచ్చే 80జి మినహాయింపు కోరే దాతకు నగదు విరాళం 2,000 దాటితే ప్రయోజనం లేదు, అందుకని యూపీఐ వాళ్లకు అనుకూలం. కానీ 2021-22 నుంచి దాతలందరి వివరాలూ పాన్ వంటి గుర్తింపు సంఖ్యతో సహా 10బీడీ పత్రంలో మే 31లోగా దాఖలు చేస్తున్నాం, ఆ తర్వాతే దాతకు ఇవ్వాల్సిన 10బీఈ విరాళ ధ్రువపత్రం వస్తుంది. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయలు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి 80జి వర్తించదన్న మాట కూడా మేము దాతలకు ముందే చెప్తాం. 2023-24 నుంచి ఏదీ ఎంచుకోకపోతే దానంతట అదే వర్తించే విధానం అదే కాబట్టి జీతగాళ్లలో చాలామంది అందులోనే ఉన్నారు. పన్ను కోసం ఇచ్చేవాళ్లు కొందరు తగ్గారు. నెలకు వందా రెండు వందలు ఇచ్చేవాళ్లలో మాత్రం ఎవరూ ఆ ప్రశ్నే అడగలేదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల విషయం ఒకటి చెప్పాలి. మా ఊరి అబ్బాయి ఒకరు అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. నెలవారీ చందా ఇస్తానని ఎంతో ప్రేమగా అడిగారు. వద్దన్నాం. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదన నుంచి ఇచ్చేది వేరు. పౌరసత్వం మారినవారు ఇక్కడి ఖాతా నుంచి రూపాయల్లో పంపినా అది విదేశీ విరాళమే, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు లేని ట్రస్టు తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఆ నమోదు ఉన్నవాళ్లు కూడా విదేశీ విరాళాలను మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే తీసుకోవాలి. క్యూఆర్ చేతిలో ఉంటే ఎవరైనా పంపేయగలరు, అందుకే ఆటోపే ఫారంలో పౌరసత్వం గడి పెట్టాం. ఆ అబ్బాయి నొచ్చుకోలేదు. చందాల జాబితా సరిచూసుకోవడానికి ఒక ఎక్సెల్ షీటు తయారుచేసి ఇచ్చారు, ఇప్పటికీ అదే వాడుతున్నాం.

కార్పొరేట్ సామాజిక బాధ్యత నిధులకు కూడా ప్రయత్నించాం. ఆ నిధులు తీసుకోవడానికి కావాల్సిన సీఎస్ఆర్-1 నమోదు చేసుకున్నాం. వస్తే ఒక ఏడాది ప్రాజెక్టుకు వస్తాయి, పాత్రలకో భవనానికో వస్తాయి. వద్దనను కానీ వాటి మీద జీతాలు పెట్టుకోవద్దు.

ఆటోపే వచ్చాక సాధ్యమైన ఇంకో మంచి పని నిల్వ నిధి. ఏటా వచ్చే ఆదాయంలో 85 శాతం సేవకు ఖర్చు చేయాలి, 15 శాతం దాచుకోవచ్చు. ఆ పదిహేనును మేము ఇదివరకు ఎప్పుడూ దాచలేకపోయాం, ఎందుకంటే వచ్చే నెల ఎంత వస్తుందో తెలిసేది కాదు. ఇప్పుడు తెలుసు. మూడు నెలల జీతాలు, అద్దె కలిపి ఎంతవుతుందో అంత ప్రభుత్వ బ్యాంకులో డిపాజిట్ చేశాం. దాన్ని కమిటీ తీర్మానం లేకుండా ముట్టుకోము.

ఎవరికి సలహా ఇస్తానంటే, నెలనెలా తప్పనిసరి ఖర్చులున్న చిన్న సంస్థలకు ఆటోపే తప్పక పెట్టుకోమంటాను. దాతలు ఎక్కువగా కొండ ఊళ్లలో, మామూలు ఫోన్లతో ఉంటే దాని కోసం తొందరపడొద్దు. మా దగ్గర కాశీనగర్ వైపు కొందరు దాతలు ఇప్పటికీ రసీదు పుస్తకంలో వేలిముద్రతో ఇస్తారు, వాళ్ల కోసం ఆ పుస్తకం అచ్చు వేయిస్తూనే ఉన్నాం. పండగలకు మాత్రమే పనిచేసే సంఘాలకు గోడ మీది క్యూఆర్ చాలు. ఏది పెట్టినా ట్రస్టు పేరున ఉన్న ఖాతాకే పెట్టండి, కోశాధికారి సొంత నంబరుకు ఒక్క రూపాయి కూడా వద్దు. క్యూఆర్ కాగితం మీద ఎవరైనా వేరేది అతికించారేమో వారానికోసారి మీ ఫోనుతోనే ఒక రూపాయి పంపి చూడండి. గేట్‌వే ఒప్పందం మీద సంతకం పెట్టేముందు నేను పైన చెప్పిన మూడు ప్రశ్నలకూ జవాబులు ఈమెయిల్‌లో రాయించుకోండి.