టపాకాయా, దీపమా, శుభ్రమైన తోటా? ఎలుగుబంటి విషయంలో ఏది మేలు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిపళ్లు రాలే రోజులు వచ్చాయంటే, తెల్లవారుజామున తోటకు ఒంటరిగా వెళ్లడానికి కాళ్లు ఆడవు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు తోటలున్నవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. ఎలుగును దూరం పెట్టడానికి ఒకరు టపాకాయలంటారు, ఒకరు రాత్రంతా దీపాలంటారు. తోట అడుగు శుభ్రం చేయమనేవారు తక్కువ. నేను ఆ తక్కువమందిలో ఒకణ్ణి.

దీపం సంగతి త్వరగా తేలిపోతుంది. ఎలుగుబంటి చూపు మందం. దాని లోకమంతా ముక్కులోనే ఉంది. నేలలో దాగిన చెదలను వాసనతో పసిగట్టి, పుట్ట తవ్వి, ముక్కుపుటాలు మూసుకుని, పెదవులు గొట్టంలా చాచి, పైవరుసలో రెండు ముందుపళ్లు లేని సందులోంచి పురుగులను పీల్చేస్తుంది. ఆ పీల్పు చప్పుడు వంద మీటర్లు దాటి వినిపిస్తుంది. అంతటి ముక్కున్న జంతువు పండిన పనసను వదులుకుని స్తంభం మీది వెలుగుకు జడుస్తుందా? దీపం వల్ల లాభం మనకే. ఎలుగును మనం ముందుగా చూస్తాం. అదీ చిన్న లాభమేమీ కాదు.

టపాకాయ మొదట్లో బాగానే పనిచేస్తుంది, అందుకే అందరికీ దానిమీద అంత నమ్మకం. కానీ చప్పుడు వెనక దెబ్బ లేదని తెలిసిన జంతువు క్రమంగా దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఇందుకు పెద్ద తెలివి అక్కరలేదు. ఇరవై వేల నాడీకణాలు మాత్రమే ఉన్న సముద్రపు నత్త కూడా ఇలాగే అలవాటు పడుతుంది; ఆ నత్త నరాలలో జ్ఞాపకం ఎలా నిలుస్తుందో చూపిన ఎరిక్ కాండెల్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. కెన్యాలో పొలాల చుట్టూ తేనెపెట్టెలు వేలాడదీస్తే ఏనుగులు తప్పుకుంటున్నాయంటే, ఆ రొద వెనక నిజంగానే కుట్టే ఈగలున్నాయి. మన టపాకాయ వెనక పొగ తప్ప ఏముంది? పైగా పొదలో పడుకున్న ఎలుగు పక్కనే అది పేలితే మన మీదకే రావచ్చు. ఎలుగు దాడుల్లో చాలావరకు హఠాత్తుగా ఎదురుపడినప్పుడు జరిగేవే. కాబట్టి చప్పుడు చేయండి, కానీ తరమడానికి కాదు, మన రాక తెలపడానికి: ఇద్దరు ముగ్గురు గట్టిగా మాట్లాడుకుంటూ నడిస్తే చాలు.

ఇక శుభ్రం. మనం గింజ తీసుకుని జీడిపండును చెట్టు కిందే పారేస్తాం. ఎలుగుకు అది పిలిచి వడ్డించిన విస్తరి. ఆ విస్తరి దగ్గరికి తల్లి ఒంటరిగా రాదు. చిన్నప్పుడు వీపునెక్కి తిరిగే పిల్లలు ఇంచుమించు రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం, తల్లి వెంటే ఉండి ఎక్కడ ఏం దొరుకుతుందో నేర్చుకుంటాయి. ఈ ఏడు మనం వదిలేసిన పండు రేపటి ఎలుగులకు దారి చూపుతుంది.

కష్టం లేదనను. పైపైన పూడిస్తే తవ్వేస్తుంది, బండికెత్తి తరలించాల్సిందే. నా ఒక్క తోట ఊడ్చినా పక్క తోటలో పళ్లు కుళ్లుతుంటే ఎలుగు నా గట్టు మీదుగానే నడుస్తుంది. పక్క తోట బావకు ఇదే చెప్పాను. “బండి కిరాయి నువ్విస్తావా?” అన్నాడు. సగం ఇస్తానన్నాను. ఇంకా ఆలోచిస్తున్నాడు.